పొయ్యి దగ్గరి మనిషి

నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో, ఆ మూడో అంతస్తు ఇంట్లో తెల్లవారిందని చెప్పడానికి కోడి అక్కర్లేదు, ఫోనులో అలారం అక్కర్లేదు. ఐదింటికి వంటింట్లో లైటు వెలిగితే తెల్లవారినట్టే. వెంకటనర్సయ్య లేస్తాడు, కాళ్లూ చేతులూ కడుక్కుంటాడు, భుజాన తువ్వాల వేసుకుని వంటింట్లోకి పోతాడు. సిలిండర్ రెగ్యులేటర్ తిప్పి, పొయ్యి తుడిచి, దానికింత పసుపూ కుంకుమా పెట్టి దండం పెట్టుకున్నాకే ఆయన రోజు మొదలయ్యేది. ఏడున్నరకల్లా కొడుకు రత్నాకర్ డబ్బా, కోడలు స్నేహలత డబ్బా, ఎనిమిదేళ్ల మనుమరాలు మనస్విని డబ్బా గట్టు మీద వరసగా నిలబడేవి.

"మీ ఇంట్ల మామ వండుతడా! ఏం పుణ్యం చేసుకున్నవ్ స్నేహా" అని బషీర్‌బాగ్‌లో ఆమె పనిచేసే కాలేజీ ఆఫీసులో అందరూ కుళ్లుకునేవాళ్లు. కుళ్లుకోరా మరి? కూర్చున్న చోటికే చాయ్ రావాలనే మామలున్న ఇళ్లలో ఆ బాధ ఏమిటో వాళ్లకే తెలుసు.

వెంకటనర్సయ్య ముప్పై ఐదేళ్లు పెళ్లిళ్లకు వండిన మాస్టరు. సిద్దిపేట దగ్గరి పల్లె నుంచి కూలికి వచ్చి, అంట్లు తోమి, ఉల్లిగడ్డలు కోసి, చివరికి గంటె పట్టిన మనిషి. ఆయనకు పని నేర్పిన పెద్దాయన ఒకటే మాట చెప్పాడట. వంటవాడు గంటె నోట్లో పెట్టొద్దు, వెయ్యిమందికి వడ్డించే అన్నం ఎంగిలి కావద్దు అని. మరి ఉప్పు చాలిందో లేదో ఎట్లా తెలియాలి? ముక్కుతో. గుండిగ మూత తీసి, అరచేత్తో ఆవిరిని ముఖం మీదికి తోసుకుని, "ఇంకో దోసెడు ఉప్పు" అనేవాడు వెంకటనర్సయ్య. ఆ లెక్క ఎన్నడూ తప్పలేదు. అబిడ్స్, నాంపల్లి ఫంక్షన్ హాళ్లలో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ, ముక్కు మాస్టర్ అనే పిలిచేవాళ్లు.

ఇంట్లోనూ అదే పద్ధతి. ఆయన వండుతుంటే వంటింటి గడప దగ్గర పీట వేసుకుని భార్య యాదవ్వ ఆకుకూర ఏరుతూ కూర్చునేది. ఇద్దరి మధ్య మాటలు తక్కువ. నలభై ఏళ్ల కాపురంలో ఇంకేం మిగిలుంటాయిలే అనుకునేది స్నేహలత.

ఆమె మాత్రం తన ఆఫీసు ఆడవాళ్ల ఫోను గ్రూపులో రోజుకో 'మా మామ చిట్కా' పెట్టేది. పచ్చిమిరపకాయలు తొడిమలు తీసి దాస్తే వారం దాకా కుళ్లవు. పప్పు ఉడికేటప్పుడు రెండు చుక్కల నూనె వేస్తే పొంగి పొయ్యి మీద పడదు. అల్లం ఎల్లిగడ్డ నూరాక ఇంత ఉప్పు, ఇంత నూనె కలిపితే రంగు మారదు. చదివినవాళ్లు చప్పట్ల బొమ్మలు పంపేవాళ్లు. అవి చూపిస్తే వెంకటనర్సయ్య మీసాల్లో నవ్వుకునేవాడు.

ఒక ఆదివారం స్నేహలత ఒక మాట అంది. మంచికే అంది.

"మామా, మీకు మోకాళ్లు నొస్తున్నయి. ఇగ వంటమనిషిని పెట్టుకుందం. మీరు కాలు మీద కాలేసుకొని కూసోన్రి."

వెంకటనర్సయ్య తువ్వాలతో చేతులు తుడుచుకుని బాల్కనీలోకి పోయాడు. మర్నాడు సిద్దిపేటలో తన చెల్లెలు కాలు విరిగిందని ఫోనొస్తే యాదవ్వ బస్సెక్కింది. మంగళవారం నుంచి ఆ ఇంట్లో వంట గతి తప్పింది.

మంగళవారం పప్పు అడుగంటింది. పోనీలే అనుకున్నారు. బుధవారం పొద్దున చారు ఉప్పు కషాయం. డబ్బా తెరిచి ఒక్క ముద్ద తిని, స్నేహలత ఆఫీసు కింద బండి మీద ఇడ్లీ తినొచ్చింది. సాయంత్రం కోడికూర. గిన్నె నిండా ఎర్రగా కనబడింది గానీ మనస్విని మొదటి ముద్దకే ముఖం చిట్లించింది.

"తాతా, కాలిన వాసనొస్తున్నది."

వెంకటనర్సయ్య చేతిలో గంటె ఆగిపోయింది. స్నేహలత కంచం పక్కకు నెట్టింది. రెండు రోజులుగా అణచుకున్నదంతా పైకొచ్చింది.

"గల్లీ చివర పాలు పొంగితే గీడ చెప్పే మనిషి మీరు. మన ఇంట్ల కూర మాడుతుంటే తెల్వలేదా మామా? రెండు దినాల సంది చూస్తున్న. వంటమనిషి అన్నందుకే గదా ఇదంత?"

"స్నేహా, ఊకో" అన్నాడు రత్నాకర్.

"ఎందుకు ఊకోవాలె? కోపముంటే నోటితోని అనున్రి మామా, పడ్త. గట్ల అన్నం మీద తీయకున్రి. పిల్ల తినేది. రేపటి సంది మీరు పొయ్యి కాడికి రాకున్రి, నేనే వండుకుంట."

వెంకటనర్సయ్య ముఖంలో రంగు పోయింది. ఏదో చెప్పబోయినట్టు పెదవులు కదిలాయి. అంతలోనే తల దించుకున్నాడు.

"సరే బిడ్డా" అన్నాడు.

అనేసింది గానీ స్నేహలతకు మనసు మనసులో లేదు. గంటె గిన్నెలో పెట్టి గదిలోకి పోతున్న మామ వీపే చూస్తూ కూర్చుంది. పొద్దున లేవగానే సారీ చెప్పాలని గట్టిగా అనుకుంది.

పొద్దున వాన. స్నేహలతకు ఆరింటికి మెలకువొచ్చింది. కుక్కర్ కూత లేదు, గిన్నెల చప్పుడు లేదు. హాల్లో మనస్విని ముసుగుతన్ని పడుకుంది. పిల్ల నిద్ర చెడుతుందని మామ రోజూ మూసుకునే వంటింటి తలుపు ఆ రోజూ మూసే ఉంది. కింద సందులోంచి లైటు కనబడుతోంది. వద్దన్నా లేచి వచ్చాడు పెద్దమనిషి అనుకుని, సారీ ఎట్లా మొదలుపెట్టాలా అని ఆలోచిస్తూ తలుపు తోసింది.

గుప్పున గ్యాసు వాసన.

ఒక్క క్షణం ఆమెకు ఏమీ అర్థం కాలేదు. వంటగది నిండా గ్యాసు. వాన జల్లుకు కిటికీ బిగించి ఉంది. పొయ్యి మీద గిన్నె లేదు, మంట లేదు. ఎడమవైపు నాబ్ సగం తిరిగి ఉంది. వాన హోరులో కలిసిపోయి సన్నగా 'సూ' అని చప్పుడు. పొయ్యి ముందు పీట మీద వెంకటనర్సయ్య కూర్చుని ఉన్నాడు. కాళ్ల దగ్గర ఎల్లిగడ్డ పొట్టు. చేతిలో లైటర్.

ఆయన తల తిప్పి చూశాడు. ఏమీ జరగనట్టే చూశాడు.

"లేచినవా బిడ్డా? నీకు చెప్పకుండ ముట్టియ్యొద్దని గట్లనే కూసున్న. ముట్టియ్యనా మరి?" అంటూ లైటర్ మీద బొటనవేలు పెట్టాడు.

స్నేహలత వేసిన కేక కింది అంతస్తు దాకా వినబడింది. ఎట్లా దూకిందో ఆమెకే తెలియదు. లైటర్ లాక్కుని హాల్లోకి విసిరేసింది. రెగ్యులేటర్ కట్టేసింది, నాబ్ కట్టేసింది, కిటికీ రెండు రెక్కలూ తోసింది. పరిగెత్తుకొచ్చిన రత్నాకర్ ఫ్యాను స్విచ్చు మీద చెయ్యి పెట్టబోతే, "ముట్టకు! ఏ స్విచ్చు ముట్టకు!" అని అరిచింది. గ్యాసు లీకైతే స్విచ్చు వేయొద్దు, తీయొద్దు అన్నది కూడా మామ చెప్పిన చిట్కానే. ఇద్దరూ కలిసి ఆయన్ని రెక్కలు పట్టి బయటికి లాక్కొచ్చారు. మనస్విని దుప్పటితో సహా లేచి బిత్తరపోయి చూస్తోంది.

"ఏమైందే? ఏమైంది?" అంటున్నాడు వెంకటనర్సయ్య. పొయ్యి వైపు చూశాడు. నాబ్ వైపు చూశాడు. అప్పుడు ఆయన ముఖం మారింది. హాల్లో నేల మీదే కూలబడ్డాడు.

కింది ఇంటి రాజయ్య మెట్లెక్కి వచ్చి తలుపు కొట్టాడు. "ఎలుకొచ్చింది అంకుల్, ఏం లేదు" అని పంపించాడు రత్నాకర్. మనస్వినిని ఆయన వెంటే కిందికి పంపాడు. తలుపు వేసి, తండ్రి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"బాపూ, నాబ్ తిప్పింది నువ్వేనా?"

"నా చేతులనే అయింది."

"కిటికీ?"

"వాన కొడుతుంటే మూసిన."

"తలుపు మూసినవ్. కిటికీ మూసినవ్. గ్యాసు ఇడిసినవ్. గంత వాసనల ఎందుకు కూసున్నవ్ బాపూ? గాడికెల్లి ఎందుకు లేవలే?"

వెంకటనర్సయ్య తువ్వాల కొస వేళ్లకు చుట్టుకుంటున్నాడు, విప్పుతున్నాడు.

"బాపూ," రత్నాకర్ ఇంకింత దగ్గరికి జరిగాడు. "సచ్చిపోదమనుకున్నవా?"

ఆ మాటకు తండ్రి తలెత్తాడు. కళ్లు పెద్దవయ్యాయి. ఆ ఆలోచన ఆయన కలలో కూడా వచ్చినట్టు లేదు. కొడుకు ముఖం వైపు చూశాడు. ఏదో లెక్క చూసుకున్నట్టు ఆగి, తల వంచుకున్నాడు.

"గట్లనే అనుకో" అన్నాడు.

స్నేహలత గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఆ మాట చెవిన పడగానే జారి కింద కూర్చుంది. రాత్రి తను అన్న ప్రతి మాటా తిరిగొచ్చి తన ముఖానే కొట్టింది. పొయ్యి కాడికి రాకున్రి. నేనే అన్నాను. ముప్పై ఐదేళ్లు పొయ్యినే నమ్ముకున్న మనిషితో అన్నాను.

"నా మాటకేనా మామా? ఒక్క మాటకు ప్రాణం తీసుకుంటరా?" అని ఏడ్చింది. ఏడుస్తూనే ఆమెకు ఇంకోటి గుర్తొచ్చింది. "గ్యాసు మిమ్మల్నొక్కల్నే తీసుకపోతదా? మీరు లైటర్ నొక్కితే ఏమైతుండె? మనస్విని పది అడుగుల దూరంల పండుకున్నది మామా! పది అడుగులు!"

వెంకటనర్సయ్య తువ్వాలతో ముఖం కప్పుకున్నాడు. దాని వెనక నుంచి చిన్న శబ్దం వచ్చింది. ఆయన ఏడవడం ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ చూడలేదు.

ఆ పూట ఇద్దరూ పనికి పోలేదు. అబిడ్స్‌లో తను పనిచేసే బట్టల షాపుకు జ్వరమని ఫోన్ చేశాడు రత్నాకర్. తల్లికి ఫోన్ చేసి "అమ్మా, బాపు..." అని మాట పూర్తి చేయలేక పెట్టేశాడు. వంటింటికి తాళం వేశాడు. కత్తిపీట, చాకులు బీరువాలో దాచాడు. తండ్రి బాత్రూముకు పోతే లోపల గొళ్లెం పెట్టొద్దని చెప్పి బయట నిలబడ్డాడు. వెంకటనర్సయ్య అన్నీ చూస్తున్నాడు. హోటల్ నుంచి తెచ్చిన ఇడ్లీ ముట్టకుండా గదిలో మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఒకటిన్నరకు యాదవ్వ వచ్చింది. సగం తడిసిన చీర, చేతిలో సంచి, ముఖంలో చుక్క నెత్తురు లేదు.

"ఏమైందిరా? బాపు అని ఏడ్చి ఫోన్ పెట్టేస్తివి. బస్సుల నా పాణం పోయి పోయి వచ్చింది. ఉన్నడా మనిషి?"

"ఉన్నడు. లోపల పండుకున్నడు." రత్నాకర్ తల్లిని హాల్లోనే ఆపి అంతా చెప్పాడు. మూసిన తలుపు, మూసిన కిటికీ, తెరిచిన నాబ్, చేతిలో లైటర్. సచ్చిపోదమనుకున్నవా అంటే గట్లనే అనుకో అన్నాడని కూడా చెప్పాడు.

మొదట యాదవ్వ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వినే కొద్దీ ఆమె ముఖంలో భయం పోయి ఇంకేదో వచ్చింది. సంచి అక్కడే పడేసి గదిలోకి నడిచింది. కొడుకూ కోడలూ వెనకే పోయారు.

"లే" అంది యాదవ్వ.

వెంకటనర్సయ్య లేచి కూర్చున్నాడు.

"పొద్దుగాల రెగ్యులేటర్ తిప్పి పొయ్యి తుడిచినవు. తుడిచేటప్పుడు నాబ్ తిరిగింది. గా నాబ్ ముందే వదులైంది, బాగు చేయియ్యాలెనని నెల రోజుల సంది నేను మొత్తుకుంటనే ఉన్న. గంతేనా కాదా?"

"ఊకో యాదీ."

"బస్సెక్కేటప్పుడు నేనేమన్న? పిల్లలకు చెప్పు అన్న. నేను లేని దినాలు వండకు, మోకాలు నొస్తున్నదని పండుకో అన్న. అన్ననా లేదా?"

"నిన్ను ఊకోమన్ననా?"

"ఊకోను. నాలుగేండ్లు ఊకున్న, సాలు." ఆమె కొడుకు వైపు తిరిగింది. "మీ బాపుకు వాసన రాదు."

స్నేహలత మామ వైపు చూసింది.

"ఏంది?" అన్నాడు రత్నాకర్.

"ముక్కు పోయిందిరా. కరోనా వచ్చిపోయినప్పుడు పోయింది, మల్ల రాలే. మల్లెపూల వాసన రాదు, మాడిన వాసన రాదు, గ్యాసు వాసన రాదు. నాలుగేండ్ల సంది ఈ ఇంట్ల వాసన చూసేది నేను. గడప కాడ పీట ఎందుకేసుకున్న మరి, ఆకుకూర కోసమా? గాజులు కదిలిస్తే ఉప్పు సరిపోయినట్టు. దగ్గితే ఇంక ఎయ్యాలన్నట్టు. నేను పోతిని, మీ బువ్వ మాడె. గంతే. కోపం లేదు, ఏం లేదు."

స్నేహలత కొయ్యబారిపోయింది. ఇంటి వంట రెండు రోజులు చెడితే పరాయివాడైనా అడిగేవాడు, నీకు ఒంట్లో బాగాలేదా అని. ముక్కు మాస్టర్‌ను బాగా తెలిసినవాళ్లు గనకనే వీళ్లకు ఆ అనుమానం రాలేదు. కూర మాడితే పంతం అనుకున్నారు, గ్యాసులో కూర్చుంటే చావు అనుకున్నారు. ఆయనకు వాసన రాదని మాత్రం ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

యాదవ్వ కోపం ఇంకా చల్లారలేదు. భర్త ముందు నిలబడి గొంతు పెంచింది. "సచ్చిపోదమనుకున్న అంటివా? కన్న కొడుకు తోని? గంత పెద్ద మాట నెత్తినేసుకుంటవు గని, నాకు వాసన వస్తలేదని చెప్పవా?"

"ఏం చెప్పమంటవే?" వెంకటనర్సయ్య ఒక్కసారిగా గొంతెత్తాడు. "ముక్కు మాస్టర్‌కు ముక్కు లేదని చెప్పాలెనా? ముక్కున్నదనుకున్నప్పుడే వంటమనిషిని పెడ్తమన్నరు. లేదంటే పొయ్యి కాడికి రానిస్తరా? గాడ నిలబడితేనే నేను ఈ ఇంట్ల ఒక మనిషిని. లేకుంటే టీవీ ముంగట కూసునే ముసలోన్ని. వాడు సచ్చిపోదమనుకున్నవా అంటే... రెండిట్ల ఏది ఒప్పుకున్నా నాకు ఒక్కటే అనిపించింది."

రత్నాకర్ తల పట్టుకుని మంచం అంచు మీద కూర్చున్నాడు. పొద్దున్నుంచీ బిగబట్టుకున్న ఏడుపు అప్పుడు వచ్చింది. "నా పాణం సగం పోయింది బాపూ. బాత్రూం బయట నిలబడి నీ చెంబు సప్పుడు వింటున్న నేను. గా సప్పుడు ఆగితే లోపలికి ఉరుకుదమని" అన్నాడు.

స్నేహలత మాత్రం ఫోను తీసింది. ఎందుకు తీసిందో ఆమెకే తెలియదు. గ్రూపులో తను పెట్టిన చిట్కాలు పైకి జరుపుతూ చూస్తోంది. ఉల్లిగడ్డ వేగితే నూనె చప్పుడు సన్నబడుతుంది, అప్పుడే మసాలా వేయాలి. ధనియాలు గంటె కింద గలగలమంటే వేగినట్టు. నెయ్యి కాగితే బుడగలు ఆగుతాయి, అడుగున రవ్వ ఎర్రగా కనబడుతుంది. నాలుగేళ్ల చిట్కాలు. ఒక్కదాంట్లో కూడా 'కమ్మని వాసన రాగానే' అన్న మాట లేదు. వాసన తెలియని మనిషి కంటితో, చెవితో వెతుక్కున్న దారులవి. అవి చదివి ఎంతమంది చప్పట్లు కొట్టారో! తను కూడా కొట్టింది.

ఆమె పోయి మామ కాళ్ల దగ్గర కూర్చుంది. "నన్ను మాఫ్ చేయున్రి మామా. మీకు ఏమైందని ఒక్క మాట అడగలే."

"నువ్వన్న మాటల ఒక్కటి నిజం బిడ్డా," అన్నాడు వెంకటనర్సయ్య. "పిల్ల పది అడుగుల దూరంల ఉన్నదన్నవ్. దాని నెత్తికి నూనె పెట్టి దువ్వుతుంటే, చిన్నప్పుడు ఎట్లుండె దాని నెత్తి వాసన అని యాది చేసుకుంట రోజు. ఇప్పుడు ఏం రాదు. బువ్వ తింటే గడ్డి తిన్నట్టుంటది. అయినా నేను ఓర్చుకున్న. గని నా షోకు కోసం ఇయ్యాల పిల్లను పొట్టన పెట్టుకునేటోన్ని. ఇగ పొయ్యి ముట్ట. ఒట్టు."

అదే మాట నిన్న సాయంత్రం స్నేహలత కోరుకున్నది. ఇప్పుడు ఆయన నోట వింటే ఆమె తట్టుకోలేకపోయింది.

"ఒట్టు గిట్టు పెట్టుకోకున్రి. నాబ్ బాగు చేయిద్దం. గ్యాసు లీకైతే మొత్తుకునే డబ్బా దొరుకుతది, ఈ సాయంత్రమే తెద్దం. తలుపు మూసుడు బంద్. పిల్లకు నిద్ర చెడితే చెడనియ్యి. అత్తమ్మ లేకుంటే నేనుంట, నేను లేకుంటే మీ కొడుకుంటడు. ఒక్కలే వండొద్దు. గంతే."

"ఉప్పు చాలిందో లేదో నీ ముక్కుకేం తెల్సు?"

"మీరు నేర్పున్రి."

వెంకటనర్సయ్య ముక్కు చీదుకుని, "ఉప్పుకు వాసన ఉండది బిడ్డా. ఉప్పు పడ్డంక కూర వాసన మారుతది, గా తేడా పట్టుకోవాలె. గంత ఆసాన్ కాదు," అన్నాడు. అది అన్నాక గానీ తను పాఠం మొదలుపెట్టానని ఆయనకు తెలియలేదు. యాదవ్వ అప్పుడు మొదటిసారి కూర్చుంది, తడిచీర కొంగు పిండుకుంటూ.

శనివారం దవాఖానకు తీసుకుపోయారు. నాలుగేళ్లు ఏం చేశారని డాక్టరమ్మ అందరినీ కలిపి కోప్పడింది. లవంగం, నిమ్మకాయ, ఇంకా రెండు మూడు ఘాటైనవి రోజూ రెండుపూటలా పీల్చమంది. రావచ్చు, రాకపోవచ్చు, ఆశ పెట్టుకోవద్దు, మానెయ్యొద్దు అంది. మనస్వినికి అది ఆటయింది. కళ్లు మూయించి తాత ముక్కు కింద లవంగం పెట్టి "చెప్పు తాతా, ఏంది?" అంటుంది. "గోడ సున్నం" అంటాడు ఆయన. పిల్ల పడీపడీ నవ్వుతుంది.

ఆ మరుసటి ఆదివారం వంటింటి తలుపులు, కిటికీలు బార్లా తెరిచి ఉన్నాయి. గంటె వెంకటనర్సయ్య చేతిలో ఉంది. పక్కన స్నేహలత నిలబడి, అరచేత్తో ఆవిరిని ముఖం మీదికి తోసుకుంటోంది.

"పచ్చివాసన పోయిందా?"

"పోయినట్టే ఉన్నది మామా."

"ఉన్నట్టే అంటే నడవది. పోయిందా, పోలేదా?"

"ఇంకింత ఉన్నది."

ఫోను మోగింది. చేతులు ఖాళీ లేక ఆయన గట్టు మీదే స్పీకర్ పెట్టాడు. మల్లయ్య. ముప్పై ఏళ్లు ఆయనతో జోడీగా పెళ్లిళ్లకు వండినవాడు, ఇప్పటికీ వండుతున్నవాడు.

"నర్సన్నా, మంచిగున్నవా? వచ్చే నెల మన దగ్గర్నే పెద్ద పెండ్లి పట్టిన. నువ్వు గంటె ముట్టొద్దు, కుర్చేసుకొని కూసో. బగారన్నం గుండిగ మూత తీసినప్పుడు జర వాసన చూసి చెప్పు, సాలు. నీ ముక్కు కావాలె నాకు."

వెంకటనర్సయ్య పొయ్యి మంట తగ్గించాడు. నాలుగేళ్లుగా ఇట్లాంటి ఫోన్లకు మోకాళ్ల నొప్పే జవాబు. స్నేహలత ఆయన చెవి దగ్గరికి వంగి, "మోకాళ్లని చెప్పున్రి మామా, పరవాలేదు" అని గుసగుసలాడింది.

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"మల్లన్నా, నా ముక్కు పోయింది. నాలుగేండ్లాయె. వాసన ఏం రాదు నాకు."

తర్వాత మల్లయ్య గొంతు వచ్చింది, ఇందాకటి గొంతు కాదు అది.

"నర్సన్నా... నేను ఎవ్వలకు చెప్పలే. నాకు కండ్లు సరిగ కనబడ్తలెవ్వు. రెండేండ్లాయె. నూనె కాగిందా లేదా తెల్వక చెయ్యి పెట్టి చూస్తున్న. మొన్న ముంజేయి కాలింది."

"అరే! మరుగుతున్న నూనె కాడ కండ్లు కనబడకుండ నిలబడుతున్నవా? బుద్ధున్నదారా నీకు? ఇంట్ల చెప్పినవా?"

"చెప్తే పొయ్యి కాడికి రానిస్తరా అన్నా?"

వెంకటనర్సయ్యకు కంట నీళ్లు తిరిగాయి. ఏదో తిట్టబోయి ఆగాడు. గడప దగ్గర యాదవ్వ ఏరుతున్న ఆకుకూర పక్కన పెట్టి చూస్తోంది.

"ఇంట్ల ఎవలున్నరు?" అన్నాడు.

"కోడలున్నది."

"ఫోను ఆ పిల్లకియ్యి."

"వద్దన్నా..."

"ఇయ్యమంటున్నగా." ఆయన ఫోను తీసి స్నేహలత చేతిలో పెట్టాడు. "నువ్వు చెప్పు బిడ్డా. నువ్వైతే మంచిగ చెప్తవు."

అవతల ఎవరో ఆడమనిషి "హలో, ఎవరూ?" అంది. స్నేహలత స్పీకర్ తీసి ఫోను చెవికి పెట్టుకుంది.

"వదినా, మీ మామ మీకొక మాట చెప్తడు, జర ఓపికతోని వినున్రి. కోపం చేయకున్రి. ఇంకోటి, మీకు దండం పెడ్త, ఆయనను పొయ్యి కాడికెల్లి లేపకున్రి వదినా. పక్కన ఒక్కలు నిలబడున్రి, సాలు."